బోర్గిల్డ్ అత్త పాలక్యాను

మా తాత చేసింది మేలా, కీడా అన్న అనుమానం నన్ను ఏళ్ల తరబడి వదల్లేదు. ఆయన రైల్వే స్టేషనుకు గుర్రబ్బండి కట్టుకుని వెళ్లి, జర్మనీ జాతి బ్రౌన్ ట్రౌట్ చేపపిల్లల్ని తెచ్చి మా వాగులో వదిలాడు. అప్పటికే చెట్లు కొట్టేసి, గట్లు పశువులు తొక్కేసి, నీళ్లు వేడెక్కాయి. చల్లదనం లేనిదే బతకని, ఈ నేలదే అయిన మా నారింజ పొట్ట బ్రూక్ ట్రౌట్ తగ్గిపోతోంది. కొత్త చేప ఆ వేడికి ఓర్చుకుంది. పగలంతా గట్టు కింది చీకట్లో దాక్కుని, పొద్దు వాలాక బయటికొచ్చి, పెద్దదయ్యేకొద్దీ తోటి చేపల్నే తినసాగింది.

"రెంటినీ చేసింది దేవుడే కదా, సెల్మర్" అన్నారు మా పాస్టరుగారు. నిజమే. మా తాత కూడా నార్వే నుంచి వచ్చి అమెరికాలో ఓడ దిగినవాడే. అయినా ప్రార్థనలో కళ్లు మూసుకుంటే నాకు ఒక పాలక్యాను కనిపించేది.

అది పక్క పొలం ట్వేట్ వాళ్లది. చేపపిల్లల కోసం తాత అడిగి తెచ్చుకున్నాడు. కొన్నేళ్లకే ఆ చేపలు ట్వేట్ వాళ్ల ఊటకాలువకు ఎగబాకి, అక్కడున్న బ్రూక్ ట్రౌట్‌ను మిగల్చలేదు. మా వాళ్లలో పొరుగింటి గిన్నెను ఖాళీగా తిరిగివ్వరు. ఇందులో ఏం వేసివ్వను అని తాత సిగ్గుపడి, క్యాను తిరిగివ్వకుండా ఊరుకున్నాడు. తర్వాత నాన్నా ఊరుకున్నాడు.

ఆ ఇంటి బోర్గిల్డ్ అత్తకు ఎనభై దాటాయి. ఈ క్రిస్మస్‌కి పట్నంలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతోంది. "మా ఊటలో ఆ నారింజ పొట్ట చేపను ఇంకొక్కసారి చూడాలనుందిరా" అంది చర్చి మెట్ల మీద.

మొన్నటి వరదకు కింద నేల కోసుకుపోయి, ట్వేట్ వాళ్ల ఊటకాలువ వాగులోకి దిగే చోట రోడ్డు కింది తూము నోరు గాల్లో వేలాడుతోంది. ఇక కింది చేపలు ఎగిరి దాన్ని అందుకోలేవు. పైన మిగిలిన బ్రౌన్ ట్రౌట్‌ను మత్స్యశాఖ వాళ్లు వేసవిలో ఏరేశారు. మా పొలం కొసన, బ్రౌన్ ట్రౌట్ ఎక్కలేని రాతిమెట్టు పైనున్న ఊటలో బ్రూక్ ట్రౌట్ ఇంకా బతికే ఉన్నాయి. పన్నెండింటిని అత్తవాళ్ల ఊటకు మార్చడానికి అనుమతి తెచ్చుకున్నాను. అవి చచ్చిపోతే ఈ ఏడు మళ్లీ ఇవ్వరు.

అక్టోబరు, అవి గుడ్లు పెట్టే అదను. అత్త ట్రక్కులో కూర్చుంది. నేను చేపల్ని పట్టి ఆ క్యానులోనే వేసి, వెనక ఎక్కించి బయల్దేరాను.

సగం దారిలో అత్త చెవి రిక్కించింది. "నీళ్ల చప్పుడు రావట్లేదేంట్రా?"

"మూతి దాకా పోశానత్తా. ఒక్క చుక్క తొణకదు."

"ఆపరా బండి! పాలవాడి బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు. తొణక్కూడనివి పాలురా, నీళ్లు కావు! నీళ్లు కుదుపుకు చిలకబడకపోతే వాటికి గాలెలా అందుతుంది?"

మూత తీశాను. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. రెండు పక్కకు ఒరిగిపోయాయి. గబగబా సగం నీళ్లు పారబోశాను.

"మీ తాత గుంటలు చూసి మరీ తోలేవాడు. నేను పక్కన కూర్చుని క్యాను కుదిపేదాన్ని."

"నువ్వా? ఆ చేపల్ని తెచ్చినప్పుడు నువ్వూ ఉన్నావా?"

"మొదటి చేపను వదిలిందే నేను. అప్పుడు వాగులో కప్పలు తప్ప ఏమున్నాయి? పంట పోయిన ఏడు ఆ చేపలే మా కడుపు నింపాయి."

"తప్పనిపించలేదా అత్తా?"

"అనిపించింది. తిన్నాక." ఫక్కున నవ్వింది. "ఊఁ, పోనీ. ఆ గుంటలోంచే పోనీ."

గుంట తర్వాత గుంట వెతుక్కుంటూ తోలాను. వెనక నీళ్లు దబదబా కొట్టుకుంటుంటే దేవుడికి దండం పెట్టుకున్నాను.

అత్తవాళ్ల ఊట దగ్గర పదకొండు చేపలు తమంతట తామే ఈదిపోయాయి. పన్నెండోది కదల్లేదు. అత్త గట్టున మోకరించి, దాన్ని రెండు చేతుల్లో పట్టి, తలను నీటివాలుకు ఎదురుగా తిప్పింది. చేతులు చలికి ఎర్రబడ్డా తియ్యలేదు. చాలాసేపటికి మొప్పలు కదిలాయి. నారింజ పొట్ట, తెల్లంచు రెక్కలు ఒక్కసారి మెరిసి, నీటిమొక్కల కిందికి జారిపోయాయి.

"వెళ్లిందిరా" అంది, ఎవరో చుట్టం క్షేమంగా ఇల్లు చేరినట్టు.

ఊట మీద కట్టిన గదిలోని రాతితొట్టిలో పాలు చల్లబెట్టుకునే ఐదు క్యాన్లు బోర్లించి ఉన్నాయి. ఆరోదాని చోటు నాచు పట్టిపోయింది. క్యాను కడిగాను.

"ఖాళీగా ఇస్తున్నానత్తా."

"ఎక్కడ్రా ఖాళీ?" అంది, తలుపులోంచి ఊటకాలువను చూస్తూనే.

క్యానును దాని చోట్లో బోర్లించాను.