పురిటిగది తడిక

మధ్యాహ్నం అంట్లు తోమి చేతులు తుడుచుకునేలోపే తడిక ఎండిపోయేది. సావిట్లో మంచం మీద పడుకున్న మా మామ పెదకోటయ్య, కళ్లు తెరవకుండానే, "అమ్మాయ్, గాలి వేడెక్కింది" అనేవాడు. నీళ్లు కొట్టమని ఎప్పుడూ అనలేదు, అబద్ధమెందుకు. గాలి వేడెక్కిందనేవాడు, అంతే. ఆ వేడి పెట్టింది నేనేనన్నట్టు లేచి దొడ్లోకి పరిగెత్తేదాన్ని.

అది వట్టివేళ్ల తడిక. నరసరావుపేటలో ఒక ప్లీడరు గారింట్లో చూసొచ్చి, అచ్చం అలాంటిదే అల్లించి, సావిడికి దొడ్డివైపున్న గుమ్మానికి కట్టించాడు మా మామ. ఎండాకాలం మా గురజాలలో గాలి పడమటి నుంచి వస్తుంది. పొయ్యిలోంచి వచ్చినట్టే ఉంటుంది. అది తడిసిన వేళ్లలో నుంచి దూరి సావిట్లోకి వచ్చేసరికి చల్లబడి, మంచి వాసన వేస్తుంది. వచ్చినవాళ్లందరూ ఇల్లు ఎంత చల్లగా ఉందో అని మెచ్చుకుని, మజ్జిగ తాగి పోయేవాళ్లు. ఒక్క సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. తడికకు నీళ్లు లోపలి నుంచి కొడితే లోపలికే కారి సావిడి తడుస్తుంది. బయటి నుంచే కొట్టాలి. అంటే గాలి వచ్చే వైపు, ఎండలో, కాలే బండ మీద నిలబడి కొట్టాలి. చల్లదనం అటు పోతుంది, మనం ఇటు ఉంటాం.

మాది నాపరాళ్ల ఇల్లు. మా మామకు క్వారీ ఉండేది. నేలంతా నాపరాయే, కప్పు కూడా నాపరాయే. తన గనిలో తీసిన రాయితో కట్టిన ఇల్లని ఆయనకు చెప్పలేనంత గొప్ప. వానకు కురవదు, చెద పట్టదు, నిజమే. కానీ పొద్దుటి నుంచి తాగిన ఎండనంతా ఆ కప్పు సాయంత్రానికి మన నెత్తిన కుమ్మరిస్తుంది. వంటింట్లో పైన ఆ రాయి, కింద కట్టెల పొయ్యి. మధ్యలో నేను.

కరెంటు మా వీధికి వచ్చిన ఏడాది ఇంట్లో పెద్ద చర్చ నడిచింది. తడిక ఉంచాలా, పంకా కొనాలా? కొంటే పైన వేలాడేదా, బల్ల మీద పెట్టేదా? మా మామ, మా ఆయన రోశయ్య, వైరింగు చేసిన మహబూబ్ కూర్చుని రోజూ మాట్లాడుకునేవాళ్లు. నాపరాయికి చిల్లి పెడితే బండ చీలుతుంది, దానికి పంకా వేలాడదీస్తే నిద్రలో మీ మీదే పడుతుంది అన్నాడు మహబూబ్. అయితే బల్లపంకాయే అన్నారు. అంతలో మా మామకు అనుమానం వచ్చింది. పంకా ఊరికే తిరగదు, కరెంటు తాగుతుంది. తడికకైతే ఏ ఖర్చూ లేదు కదా అన్నాడు. మా ఆయన కూడా తలూపి, "నీళ్లకేం పోయింది నాన్నా, దొడ్లో బావి ఉండనే ఉంది" అన్నాడు.

నేను తలుపు చాటున మజ్జిగ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాను. బావి ఉండనే ఉంది. నిజమే, బావి అక్కడే ఉంది. నీళ్లు వాటంతట అవే గట్టెక్కి, బకెట్లో పడి, నడుచుకుంటూ వచ్చి తడిక మీద దూకుతున్నాయనుకున్నాడో ఏమో మా ఆయన. పెళ్లైన ఇన్నేళ్లలో నా నడుం నొప్పికి ఆయన ఎన్నోసార్లు ఆముదం తెచ్చిచ్చాడు. చెడ్డవాడు కాదు. ఆ నొప్పి ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఆలోచించలేదు. ఇప్పుడు మా మనవరాళ్లు ఏసీ కొనబోతే కొట్టువాళ్లు గది ఎంత పొడుగు, ఎంత వెడల్పు, కిటికీలు ఏ వైపు అని అడుగుతున్నారట. మంచిదే. ఆ ఇంట్లో ఎక్కువ వేడి ఎవరి మీద పడుతుందో కూడా అడిగితే బాగుండును. మా సావిట్లో జరిగిన చర్చలో ఎవరి నోటా వంటిల్లన్న మాటే రాలేదు.

చివరికి పంకా కొన్నారు. నాకు లోలోపల ఎంత సంతోషమో. పంకా వస్తే తడిక పని తప్పుతుందని పంకా మీద కప్పేందుకు రంగుదారాలతో గుడ్డ కూడా కుట్టాను. మొదటిరోజు మీట నొక్కి అందరూ ముందు కూర్చున్నారు. కాసేపటికి మా మామ ముఖం తుడుచుకుని, ఇది ఉన్న వేడినే తిప్పి తిప్పి కొడుతోందన్నాడు. రాతి కప్పు కింద మరేం చేస్తుంది పాపం. "తడిక తడిగా ఉంటేనే పంకా గాలి బాగుంటది" అని తేల్చాడు. అలా మా ఇంట్లో పంకా, తడిక రెండూ ఉన్నాయి. నా పని నాకు ఉంది.

ఆ వైశాఖంలోనే మా ఆడపడుచు లక్ష్మి తొలికాన్పుకు వచ్చింది. సావిడి పక్కనే పురిటిగది. దానికి కిటికీ లేదు. దొడ్లోకి ఒక తలుపు, ఇంట్లోకి ఒక తలుపు. కాన్పయ్యాక రెండూ మూసి, మూల కుంపటి పెట్టి, బాలింతకు చెవులకు గుడ్డ కట్టి పడుకోబెట్టేవాళ్లు. గాలి సోకకూడదని. ఏ నెలలోనైనా అంతే. నా మొదటి బిడ్డ నూజెండ్లలో మా అమ్మ దగ్గర చలికాలంలో పుట్టింది. రెండోవాడు పుట్టేనాటికి అమ్మ లేదు, ఎండాకాలం, ఈ గదే దిక్కయింది. నాకు పాలు ఇంకిపోయాయి. వాడి ఒళ్లంతా సెగగడ్డలు. ఒకరోజు తెలివి తప్పితే మంత్రసాని ముఖాన నీళ్లు చల్లి లేపింది. తర్వాత మా అత్త మాణిక్యమ్మతో కాస్త తలుపు తీయమన్నందుకు, "మేం కనలేదటే? ఇదే గదిలో నలుగుర్ని కన్నా. గాలి సోకి ఇద్దరు పొయ్యారు. నువ్వు నాకు చెప్పొద్దు" అంది. బిడ్డలు పోయిన మనిషితో ఏం వాదిస్తాం?

లక్ష్మికి ఆడపిల్ల పుట్టింది. చక్కగా ఏడ్చింది, చక్కగా పాలు తాగింది. రెండు రోజులు గడిచేసరికి ఆ ఏడుపు సన్నబడిపోయింది. నేను గంజి తీసుకుని లోపలికి వెళ్లాను. కుంపటి ఎర్రగా ఉంది. లక్ష్మి పెదాలు పగిలిపోయి ఉన్నాయి. పిల్ల రొమ్ము పట్టడం లేదు. నోరు తెరిచి, గొంతు లేకుండా ఏడుస్తోంది. ఒళ్లు ముట్టుకుంటే కాలుతోంది. లక్ష్మి నా కొంగు పట్టుకుని, "వదినా, నాకు ఊపిరాడటంలా. అమ్మకు చెప్పు" అంది.

సరిగ్గా అప్పుడే సావిట్లో నుంచి మా మామ గొంతు. గాలి వేడెక్కిందట.

నేను దొడ్లోకి వెళ్లాను. బకెట్ తీయలేదు. తడిక కట్టిన తాళ్లు విప్పాను. బరువుగా ఉంది, అయినా ఈడ్చుకుంటూ తీసుకెళ్లి పురిటిగది తలుపు తీసి ఆ గుమ్మానికి ఆనించి, చీలలకు కట్టేశాను. కడుతున్నంతసేపూ నా బుర్రలో ఒకటే తిరిగింది. పురిటిగది ముట్టుకున్న వస్తువు పురుడు వెళ్లేదాకా ఇంట్లోకి రాకూడదు. గిన్నె అయినా, గుడ్డ అయినా, మంచమైనా అంతే. మా అత్త కంటే గట్టిగా ఆ నియమం పట్టేవాళ్లు మా వీధిలోనే లేరు. మైలంటూ నన్ను ఎన్నోసార్లు దూరం నిలబెట్టిన ఆ నియమానికి మొదటిసారి మనసులోనే దండం పెట్టుకున్నాను. ఇక ఈ తడికను ఎవరూ వెనక్కి తీసుకుపోలేరు. తర్వాత బకెట్ తీసి నీళ్లు కొట్టాను. చల్లగాలి లోపలికి పోయింది. నేనూ తడిక పక్క నుంచి లోపలికి దూరి పిల్లను చేతిలోకి తీసుకున్నాను.

ఇంట్లోకి ఉన్న తలుపు తోసుకుని మా అత్త వచ్చింది. గది మధ్యలో ఆగిపోయింది. ఆ గాలికి ఆమె తెల్లజుట్టు కదులుతోంది.

"ఏమే, నీకు మతుండే చేశావా? దాని పాణాలు తీస్తావటే?"

చేతిలో పిల్ల ఉంది. తడిగుడ్డతో దాని కాళ్లు తుడుస్తున్నాను. తలెత్తకుండానే అడిగాను.

"పోయిన ఆ ఇద్దరూ ఏ నెల్లో పుట్టారు అత్తా?"

తడిక నుంచి నీళ్లు బొట్లుబొట్లుగా బండ మీద పడుతున్నాయి.

"ఒకడు చైత్రం," అంది. "పిల్లది వైశాఖం."

"మా ఆయన?"

"పుష్యం." నేను అడగకుండానే, "లక్ష్మి కార్తీకం" అంది.

ఆ మాట తన నోటి నుంచే విని తనే బెదిరినట్టు నా వైపు చూసింది. ఎన్నో ఏళ్లుగా గాలి తన బిడ్డల్ని తీసుకుపోయిందనుకున్న మనిషి. అందుకే తలుపులు ఇంకా బిగించి మూసిన మనిషి. నాకు గెలిచినట్టు అనిపించలేదు. వెళ్లి పట్టుకోవాలనిపించింది. ఆమె అంతకుముందే వంగి, పమిట చెంగు చేతికి చుట్టుకుని, కుంపటి ఎత్తి దొడ్లోకి తీసుకుపోయి నీళ్లు పోసింది. తిరిగొచ్చి లక్ష్మి చెవుల గుడ్డ విప్పింది.

చెమటలు కక్కుకుంటూ మా మామ దొడ్లోకి వచ్చాడు. తడిక ఎవరు ఊడదీశారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా అత్త గుమ్మంలో నుంచి జవాబు చెప్పింది.

"పురుడు ముట్టుకుంది. కావాలంటే నువ్వే తీస్కపోయి సావిట్లో కట్టుకో."

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. పంకా దగ్గరికే పోయి కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నాలు నీళ్లు నేను ఒక బకెట్ కొడితే మా అత్త ఒకటి కొట్టింది. ఎండలో నిలబడి ముక్కు మీద చెమట తుడుచుకుంటూ, ఇంత కాలుద్దని చెప్పవేమే అని నన్నే కసిరింది. నీళ్లు కొట్టాక ఇద్దరం లోపలికి వచ్చి ఆ గాలిలోనే కూర్చునేవాళ్లం. కాపురానికి వచ్చాక నేను ఆ తడికకు లోపలి వైపు కూర్చోవడం అదే మొదలు. పిల్ల రొమ్ము పట్టింది. లక్ష్మి పెదాలకు తడి వచ్చింది. పిల్ల గుక్కపెట్టి, వీధి చివరికి వినపడేలా ఏడ్చిన రోజున మా అత్త దిష్టి తీసింది.

పురిటిస్నానం అయ్యాక తడికను మైలబట్టలతో పాటు బయట వేశాం. సావిడికి కొత్తది అల్లించమని మా మామ మా ఆయనతో చెబుతున్నాడు. నేను తలుపు చాటు నుంచి ఇవతలికి వచ్చాను. అంతకుముందు ఎప్పుడూ వాళ్ల మాటల మధ్యకు వెళ్లింది లేదు.

"అల్లించుకోండి మామా. కూర్చునేవాళ్లే నీళ్లు కొట్టుకోండి. ముందు పురిటిగది పడమటి గోడలో రాయి తీయించండి. కిటికీ లేకుండా ఆ గదిలోకి ఇంకో ఆడదాన్ని పంపను."

మా ఆయన నన్ను కొత్తగా చూశాడు. మా మామ గోడ బలం పోతుందని ఏదో అనబోయాడు. మా అత్త దొడ్లోకి వెళ్లి, క్వారీలో వాడే పెద్ద గునపాన్ని రెండు చేతులతో ఎత్తుకొచ్చి ఆయన ముందు పెట్టింది. దాన్ని చూశాడు, ఆమెను చూశాడు. జీవితమంతా రాయి తీసిన మనిషికి రాయి ఎక్కడ కదులుతుందో తెలియదా? మా ఆయన ఒక పక్క పట్టాడు. పొద్దు వాలకముందే రాయి ఊడి దొడ్లో పడింది.

ఆ కంతలో ముఖం పెట్టి, కళ్లు మూసుకుని, మా అత్త చాలాసేపు అలాగే నిలబడిపోయింది.