ముట్టుగదిలో పట్టు మూటలు

"ఏమే, పోయి గదిలో కూకో. అమీను సందులోకొచ్చేసినాడు."

ఆవులప్ప వాకిట్లోంచే అరిచాడు. కదిరమ్మ సంగటి గెలుకుతోంది. తెడ్డు కుండలోనే వదిలేసి, చెయ్యి కొంగుకు తుడుచుకుని లేచింది. ఎందుకని అడగలేదు. అత్త పిల్లమ్మ అప్పటికే వచ్చి తెడ్డు అందుకుంది.

"ఇంగ దేన్నీ తాకొద్దు. ఇప్పట్నుంచి నువ్వు బయట ఉన్నట్టే" అంది.

నిమిషం కిందటి వరకూ ఇంటిల్లిపాదికీ వండిన చేతులే. అమీను సందు మలుపు తిరిగేసరికి మైలవైపోయాయి.

ఆ గది పెరటి తలుపు పక్కన ఉంది. కిటికీ లేదు. ఒక చాప, ఒక కంచం, సొట్టపోయిన చెంబు. బెంగుళూరు కబ్బన్‌పేటలోని ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటినుంచీ నెలకు మూడు రోజులు కదిరమ్మ అక్కడే కూర్చుంది. ఇప్పుడు చాప కింద నేల లేదు. పట్టునూలు మూటలున్నాయి.

యుద్ధం వచ్చి, పారాచూట్లకని సర్కారు పట్టంతా కొంటుంటే ఆవులప్ప నేత మానేసి నూలు వ్యాపారంలోకి దిగాడు. దండిగా సంపాదించాడు. ఆదాయపు పన్ను మాత్రం కట్టలేదు. యుద్ధం అయిపోయింది, నోటీసులు మొదలయ్యాయి. నోటీసులకు పలక్కపోయేసరికి జప్తు కాగితంతో అమీను రావడం మొదలైంది. ఎంత సర్కారు మనిషైనా ముట్టుగది గడప తొక్కుతాడా? ఆ ఆలోచన పిల్లమ్మది. ఆవులప్పకు అది ఎంత నచ్చిందంటే, ఒకనాడు స్నేహితుడితో కాఫీ తాగుతూ తొడ చరిచి మరీ చెప్పాడు.

"మా ఇంటిదాని మైల కంటే గట్టి బీగం ఈ పేటలో యాడా దొరకదప్పా!"

ఆ కాఫీ తెచ్చి పెట్టింది కదిరమ్మే. లోటాలు తీసుకుపోయిందీ ఆమే.

అమీను వెళ్ళిపోయినంత మాత్రాన లేవడానికి లేదు. పక్కింటివాళ్ళు చూస్తారని పిల్లమ్మ మూడు రోజులూ నడిపించేది. అబద్ధపు మైలకు నిజమైన మడి! అన్నం గడప దగ్గర పెట్టి, కాలితో లోపలికి జరిపేది. నాలుగోనాడు చన్నీళ్ళ తలస్నానం. ఇందులో ఎవరికీ చెప్పుకోలేనిది ఇంకొకటుంది. ఆమెకు నిజంగా నిలిచిపోయి రెండు దసరాలు దాటింది. నిలిచిపోయిందని తెలిసిననాడు ఆమె ఏడవలేదు, పెరట్లో ఒక్కతే కూర్చుని నవ్వుకుంది. ఇంక ఈ గది అక్కర్లేదు అనుకుంది. సంతోషం పట్టలేక అత్తకు చెప్పింది కూడా. "ఎవురికీ సెప్పుకోవద్దు. అది పోయినాక ఆడదానికి ఇంగేముండాది?" అంది పిల్లమ్మ. మొగుడికి చెప్పాల్సిన అవసరమే రాలేదు. అతనెప్పుడూ అడగలేదు. ఒంట్లోంచి దేవుడు తీసేసిన గొళ్ళాన్ని వీళ్ళు మళ్ళీ బయటినుంచి బిగించారు.

బయట గొడుగు మడిచిన చప్పుడైంది. అమీను తిమ్మరాయప్ప గొంతు, వెనకాల బంట్రోతు దగ్గు.

"ఈతూరి వట్టి చేతుల్తో పోతే నా పని పోతాది ఆవులప్పా. ఏదో ఒకటి జప్తు చెయ్యాల."

"చూసుకోండి సామీ. ఉండేదంతా మీ కండ్ల ముందరే ఉండాది."

"ఆ గది?"

"మా కోడలు బయట ఉండాది నాయనా" అంది పిల్లమ్మ.

"పోయిన తూరీ బయటే ఉండె కదమ్మా!"

"ఆడోళ్ళకు నెలనెలా రాదా సామీ? మీ ఇంట్లో ఎట్లనో మరి!"

బంట్రోతు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు చీకట్లో కూర్చున్న కదిరమ్మ ఒంటిమీద చీమల్లా పాకింది. తన ఒళ్ళు నడింట్లో పరిచి బేరమాడుతున్నట్టుంది.

"సరే. ఈ మగ్గం ఎవురిది?"

కదిరమ్మ తలెత్తింది.

అది ఆమె అమ్మ మగ్గం. అమ్మ పోయాక హిందూపురం నుంచి విప్పిన చెక్కలుగా రైల్లో తెచ్చుకుంది. నడింట్లో గుంత తవ్వి నిలబెట్టుకుంది. వంట అయ్యాక, అందరి తిండీ అయ్యాక, ఆ గుంతలో కాళ్ళు పెట్టినప్పుడే ఆమెకు తనకంటూ కాళ్ళున్నాయని తెలిసేది. నేసిన చీరలు ఆవులప్ప అమ్మేవాడు. ఆ డబ్బు రంగు ఆమె చూడలేదు. చూసినవాళ్ళెవరైనా మెచ్చుకుంటే, "పొద్దుపోక సుమ్మనే ఏదో చేస్తా ఉంటాది" అనేవాడు.

"మగ్గం మీద నేసి బతికేవాళ్ళుంటే దాన్ని జప్తు చెయ్యకూడదని రూలుండాది" అంటున్నాడు అమీను. "ఉంటే చెప్పు, వదిలేస్తా. ఎవురు నేస్తారు?"

కదిరమ్మ తలుపు దగ్గరికి జరిగింది. ఒక్క మాట చాలు. నా పెండ్లాం అంటే చాలు.

"ఎవురూ నెయ్యరు సామీ. ఊరికే పడుండాది. తీసుకపోండి."

"సగం నేసిన చీర ఉండాదే?"

"పాతది."

"పాతదా? నూలింకా మెరుస్తా ఉండాది కదప్పా!"

"పోగులు కోసెయ్, చెక్కలు విప్పుదాం" అన్నాడు అమీను. బంట్రోతు కత్తి అడిగాడు. పిల్లమ్మ వంటింట్లోకి వెళ్ళి కత్తి తెచ్చిచ్చింది.

కదిరమ్మకు ఆ ఇల్లు ఎంత ఇరుకో ఒక్కసారిగా తెలిసింది. లేచి వెళితే మొగుడు బతకనివ్వడు. అత్త వీధి వీధంతా చాటుతుంది. పుట్టిల్లు లేదు, అమ్మతోనే పోయింది. లేవకపోతే ఈ మూటల మీద ఇలాగే కూర్చోవాలి, అమీను వచ్చినప్పుడల్లా. మూటలు అమ్ముడుపోతే ఇంకొన్ని మూటలు. తాను మాత్రం అదే చాప. ఎవరూ నెయ్యరు, అన్నాడు. పొద్దున తొక్కిన మగ్గమే. పాదాలకింకా ఆ నొప్పి ఉంది.

ఆమె లేచింది. చీకట్లోంచి వచ్చిన కళ్ళకు వెలుతురు గుచ్చుకుంది. వంటిల్లు దాటింది.

"అయ్యయ్యో, ముట్టుతో నడింట్లోకొస్తా ఉండాదే ఈ పాపిష్టిది!" పిల్లమ్మ గుండెలు బాదుకుంది. బంట్రోతు కత్తి పట్టుకునే గోడకు అంటుకుపోయాడు. అమీను రెండడుగులు వెనక్కి వేశాడు.

కదిరమ్మ గుంతలోకి దిగింది. కాళ్ళ కింద చెక్కలు తగిలాయి. కుడిచేత్తో నాడె విసిరింది. అది నూలు లాక్కుంటూ పోయి ఎడమచేతిలో వాలింది.

"నేను నేస్తానప్పా" అంది.

"అమ్మా, నువ్వు బయట..." అమీను నసిగాడు.

"లేను. నాకు నిలిచిపోయి రెండు దసరాలు దాటినాయి. మా అత్తమ్మకు తెలుసు."

పిల్లమ్మ చెయ్యి గుండె మీదే ఆగిపోయింది. ఆవులప్ప పెళ్ళాం వంక చూడనేలేదు. అతని చూపు ఆమెను దాటి, వంటిల్లు దాటి, పెరటివైపు పోయింది. ఆ చూపు వెంటే అమీను కూడా మెల్లగా తల తిప్పాడు.

కదిరమ్మ తల వంచుకుని రెండో పోగు వేసింది. వచ్చేటప్పుడు ఆ గది తలుపు ఆమె వెయ్యలేదు.