లెక్కకు రాని మొదటి ముద్ద

నేను ఒక జాడీని. ఊరగాయ జాడీని. భుజాల దాకా బెల్లం రంగు, కింద మీగడ రంగు, నెత్తిన ఓ మూత. ఒకప్పుడు రెండు చెవులుండేవి. ఒకటి ఇరవయ్యేళ్ళ కిందట గడప తగిలి పోయింది. నన్ను చూస్తే ఎవరికీ భయం వెయ్యదు, నోట్లో నీళ్ళూరతాయి. నా సంగతి చెప్పడానికి కూర్చున్నాను కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. ఓపికున్నవాళ్ళు వినండి, లేనివాళ్ళు భోజనానికి లేవండి.

పుట్టింది ఓ పింగాణీ బట్టీలో. తెల్లమట్టి పిసికి, సారె మీద తిప్పి, మెరుగు పూసి, మూడు రోజులు మంటల్లో కూర్చోబెట్టారు. అలా కాలడంతో నాకో గుణం అబ్బింది. ఉప్పు గానీ పులుపు గానీ నన్నేమీ చెయ్యలేవు. ఇత్తడీ ఇనుమూ నాలుగు రోజుల్లో చిలుం పట్టి పాడయ్యే సరుకు నా పొట్టలో ఏడాదంతా ఉన్నా నాకు చీమ కుట్టినట్టయినా ఉండదు. మనుషులు ఆ సరుకునే రోజూ తింటూ, తమ ఒళ్ళు కూడా పింగాణీదే అనుకుంటారు. ఎందుకనుకుంటారో నాకు ఇప్పటికీ తెలియదు.

గడ్డి చుట్టి, పడవెక్కించి, శివరాత్రి తీర్థంలో ఇసక మీద వరసగా నిలబెట్టారు. అక్కడ నన్ను కొన్నది మాణిక్యమ్మ. వేలి కణుపుతో నా పొట్ట మీద కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, "ఖంగుమంటోంది, దీనికి పగులు లేదు" అని సంకనెత్తుకుని గోదావరి లంకలో ఉన్న వాళ్ళ ఊరికి తీసుకుపోయింది.

ఆ ఏడు నలభై కాయల ఆవకాయ పడింది నాలో. ఇక చూడండి నా వైభోగం! తడిచెయ్యి తగలకూడదు. స్నానం చెయ్యకుండా ముట్టుకోకూడదు. మూతి చుట్టూ తెల్లగుడ్డ వాసెన కట్టాలి. నా దగ్గరికి రావడానికి ఉన్నన్ని నియమాలు ఆ ఇంట్లో దేవుడి గూటికి కూడా లేవు.

పీట వేసి అన్నం వడ్డించగానే మొదటి ముద్ద నాది. వేడన్నం, ఆవకాయ, పైన గరిటెడు నూనె. పప్పూ కూరా పులుసూ తరవాతే. ఆఖర్న మజ్జిగలోకి మళ్ళీ ఓ ముక్క. ఇంత తిని చెయ్యి కడుక్కున్నాక పక్కింటివాళ్ళు "ఏం కూరండీ ఇవాళ?" అంటే "వంకాయ, పప్పుచారు" అనేవారు. నా పేరు ఎవరూ చెప్పేవారు కాదు. ఊరగాయ కూర కాదుగా! దాన్ని లెక్కలో వెయ్యరు.

మాణిక్యమ్మ అరవై రెండో ఏట ఓ ఉదయం నా మూత తీసి గరిటె లోపలికి పెట్టింది. గరిటె చేతిలోంచి జారింది. ఆవిడా నా పక్కనే జారింది. కుడివైపు పడిపోయింది, పక్షవాతం. ముందురోజు పెళ్ళికి కొత్తచీర కట్టుకెళ్ళింది కాబట్టి దిష్టి తగిలిందని ఊరంతా తీర్మానించింది. గుప్పెడు ఉప్పు తెచ్చి తల చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో పోశారు. అది చిటపటలాడింది. ఆ ఉప్పు నేరకపోయి మండింది గానీ, నలభై ఏళ్ళుగా లోపలికి వెళ్ళిన ఉప్పు మాటెవరూ ఎత్తలేదు.

ఆరేళ్ళు మంచంలో ఉందావిడ. తిప్పి పడుకోబెట్టడం, కడగడం, తినిపించడం, అంతా కోడలు వరాలమ్మే. అత్తగారికి మాట పడిపోయింది. అన్నం ముందు పెడితే నోరు తెరిచేది కాదు, నావైపు చూసేది. వరాలమ్మ మనసు కరిగిపోయేది. ఎర్రగా ఓ ముద్ద కలిపి పెడితే అప్పుడు తినేది. ఏడో ఏడు రాకుండానే మాణిక్యమ్మ పోయింది. నేను వరాలమ్మ చేతికొచ్చాను.

వరాలమ్మ మొగుడు బుల్లబ్బాయి ఆ ఊరి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. రిటైరై నాలుగేళ్ళయినా ఈల మెళ్ళోంచి తియ్యలేదు. ఐదింటికల్లా ఏటిగట్టు మీద తన ఈడువాళ్ళని పదిమందిని వరసలో నిలబెట్టి చేతులెత్తించేవాడు, దింపించేవాడు. రోజూ నాలుగు మైళ్ళ నడక, యాభై బస్కీలు. జబ్బులన్నీ బద్ధకస్తులకి వస్తాయని ఆయన నమ్మకం. పొగాకు లేదు, మందు లేదు, ఇంట్లో వండిందే తప్ప బయట పకోడీ ముట్టడు. మనిషి నిక్కచ్చి. నాలోంచి మాత్రం పూటకు నాలుగు ముక్కలు తీసేవాడు.

మాఘమాసంలో గట్టు మీద ఉచితంగా బీపీ చూస్తారని శిబిరం పెట్టారు. తన ఈడువాళ్ళు వెనకాడుతుంటే మాస్టారు ముందుకొచ్చి, "ముందు నాకు చూడండి, వీళ్ళకి ధైర్యం వస్తుంది" అని చొక్కా చెయ్యి మడిచాడట. పైది నూట డెబ్బై, కిందది నూట పది. వాళ్ళ వీధిలోనే ఉండే ఆశా కార్యకర్త మంగాదేవి ఆ సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి చెబుతుంటే నేను విన్నాను.

"మిషను పాడైంది" అన్నాడు మాస్టారు.

"మూడు మిషన్లతో చూసేం మాస్టారూ" అంది మంగాదేవి. "మాత్ర రోజూ వెయ్యాలన్నారు డాక్టరుగారు. ఉప్పు బాగా తగ్గించెయ్యాలంట. లేకపోతే..." అని ఆగి, ఖాళీగా ఉన్న మాణిక్యమ్మ మంచం వంక చూసింది.

వరాలమ్మకి భయం పట్టుకుంది. మామూలు భయం కాదు. ఆరేళ్ళ దుప్పట్లూ పుండ్లూ నిద్రలేని రాత్రులూ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. మొగుడు అలా పడితే చూడగలదా? "దేవుడా, ఆ మంచం మీదకి ఈయన్ని తేకు" అని ఆ రోజే పైకి అనేసింది. ఉప్పు డబ్బా అటకెక్కించింది. మిగిలిన ఉప్పు పక్కింటికి ఇచ్చేసింది. మర్నాటి నుంచి ఆ ఇంట్లో కూరలో ఉప్పు లేదు, పప్పులో లేదు, చారులో లేదు. వేయించినవి మానేసి ఆవిరి మీద ఉడికించింది. తెల్లన్నం తగ్గించి జొన్న రొట్టెలు నేర్చుకుంది. ఆ పట్టుదల చూస్తే నాకే ముచ్చటేసింది.

మాస్టారు మొదటి రోజు కూర నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. "ఇది అన్నమా, ఎక్సర్సైజా?" అన్నాడు. కానీ క్రమశిక్షణ గల మనిషి, తిన్నాడు. తినడానికి సాయంగా నాలోంచి ఇంకో రెండు ముక్కలు వేసుకున్నాడు.

వరాలమ్మకి జాలేసింది. ఇంత కష్టపడి చేసిన కూర మనిషి గొంతు దిగడం లేదే! ఆలోచించి ఓ ఉపాయం పట్టింది. దించే ముందు కూరలో నా ఊట రెండు గరిటెలు కలిపింది. పప్పులో ఓ గరిటె. చారులో అరగరిటె. మాస్టారు తిని కళ్ళు పెద్దవి చేసుకుని, "ఉప్పు వేశావేమే?" అన్నాడు.

"నా మీదొట్టు, ఉప్పు రాయి కూడా వెయ్యలేదండి. ఆవకాయ ఊట కలిపేను, అంతే."

"భలేదానివే!" అని మెచ్చుకున్నాడు మాస్టారు.

ఇద్దరిలో ఒక్కరు కూడా అబద్ధమాడలేదు, గమనించండి. ఆ ఇంట్లో ఉప్పంటే డబ్బాలో ఉండేది. నాలో ఉండేది ఆవకాయ. నాకు నోరైతే పెద్దదే గానీ మాట లేదు.

నెలకోసారి మంగాదేవి వచ్చి మాస్టారి చేతికి బీపీ పట్టీ చుట్టేది. నూట అరవై ఎనిమిది. మళ్ళీ నెల నూట డెబ్బై రెండు. మాత్రలు సరిగ్గానే మింగుతున్నాడు. నడక నాలుగు మైళ్ళ నుంచి ఆరయింది. "ఏం తింటున్నారత్తా?" అంటే వరాలమ్మ రోజువారీ వంటంతా ఏకరువు పెట్టేది. ఉప్పులేని బీరకాయ, ఉప్పులేని పెసరపప్పు. మొదటి ముద్ద మాట మాత్రం చెప్పేది కాదు. మరిచి కాదు, అది తిండి కింద తోచక. మంగాదేవి తల గోక్కుని, ఈసారి పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాలేమో అనేది. వరాలమ్మ మొక్కులు మొక్కింది. కొత్తగా తెచ్చిన దుప్పటి అచ్చిరాలేదేమోనని కూడా అనుమానించింది.

ఇంకో సంగతి నేనొక్కదాన్నే చూస్తూండేదాన్ని. ఆఖర్న తినేది వరాలమ్మ. మొగుడు తినగా గిన్నె అడుగున మిగిలిన ఊట కూరలోనే అన్నం కలుపుకుని చుట్టూ తుడిచి తినేది. సాయంత్రాలు తల బద్దలవుతోందని శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసుకునేది. పొయ్యి సెగ అనేది, ఎండ అనేది. మంగాదేవి తెచ్చే బీపీ పట్టీ ఆవిడ చేతికి ఎవరూ చుట్టలేదు. చుట్టాలని ఆవిడక్కూడా తోచలేదు.

వైశాఖం వచ్చింది. నాలో పాత ఆవకాయ అడుగంటింది. నన్ను కడిగి, ఎండబెట్టి, మండువాలో కూర్చోబెట్టారు. కాయలు కొట్టించారు. ఆవపిండి, కారం, నూనె అన్నీ సిద్ధం. ఉప్పే లేదు. మాస్టారు సైకిలేసుకుని బజారుకెళ్ళి రెండు కిలోల రాళ్ళుప్పు హ్యాండిలుకు తగిలించుకొచ్చాడు. వెనకాలే మంగాదేవి నవ్వు ఆపుకుంటూ వచ్చింది.

"దారిలో మాస్టారినడిగేనత్తా, సంచిలో ఏంటండీ అని. 'ఉప్పు. మాకు కాదులే, ఆవకాయకి' అన్నారు."

"అవును, ఆవకాయకే" అంది వరాలమ్మ. సంచిలోంచి ఉప్పు తీసి సోలతో కొలిచి బేసినులో పోస్తోంది. సోలకి సోల కారం, సోలకి సోల ఆవపిండి, సోలకి సోల ఉప్పు. అది అత్తగారు నేర్పిన కొలత. ఒకటి పోసింది. రెండోది ఎత్తింది.

మంగాదేవి నవ్వు మానేసి పక్కన కూర్చుంది. "ఈ ఉప్పెవరు తింటారత్తా?"

"ఉప్పెవరు తింటారే? ఇది ఆవకాయలోకి."

"మరి ఆవకాయ?"

వరాలమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. సోలలో ఉప్పు తెల్లగా, నిండుగా ఉంది. దాని వంక చూసింది, బేసినులో పోసినదాని వంక చూసింది, నా వంక చూసింది. మూడు నెలలుగా గరిటెలు గరిటెలు పోసిన ఊటంతా ఆ క్షణాన ఆవిడకి కనబడిందనుకుంటాను. ఆ సోల కింద పెట్టి, తడీ పొడీ చూసుకోకుండా నన్ను పట్టుకుంది. నా జీవితంలో కన్నీళ్ళు తగిలిన చెయ్యి నన్ను ముట్టుకోవడం అదే మొదలు.

"అత్తయ్యకి కూడా నేనే కదండీ పెట్టింది" అంది మొగుడితో. "ఆరేళ్ళు. రోజూ. నా చేత్తో నేనే..."

 మాస్టారు మెళ్ళో ఈల సవరించుకున్నాడు. తరవాత ఆవిడ పక్కన నేల మీద చతికిలపడి, "అమ్మ నువ్వు పెడితేనే తినేది వరాలూ. లేకపోతే ఆరు నెలలు కూడా ఉండేది కాదు. తెలిసి పెట్టావా ఏంటి? నేను మటుకు తెలిసి తిన్నానా?" అన్నాడు. ఆయన గొంతు అంత మెత్తగా రావడం నేనెప్పుడూ వినలేదు.

వరాలమ్మ మొహం కందగడ్డలా అయింది. నుదురు నొక్కుకుంటోంది. అప్పటికి మంగాదేవికి తోచింది. సంచిలోంచి పట్టీ తీసి, "ఏదీ, చెయ్యివ్వత్తా" అంది.

"నాకెందుకే! ఆయనకి చూడు."

"ఇవ్వమంటున్నాను కదా."

నూట తొంభై. కిందది నూట పద్దెనిమిది. మంగాదేవి రెండోసారి చూసింది, మూడోసారి చూసింది. మాస్టారు ఆ అంకె విని గోడకి ఆనుకున్నాడు. మూడు నెలలుగా ఆ ఇల్లంతా ఒక మనిషి కోసం కాపలా కాసింది. జబ్బు ఎదురుగా నిలబడి వంట చేస్తూ ఉంది.

సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఆ పూటే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు మాస్టారు. మండువాలో కొట్టిన మామిడికాయ ముక్కలు అలాగే ఉండిపోయాయి. మర్నాడు వాటిలో కొన్ని పప్పులోకి వెళ్ళాయి. పులుపు గట్టిగా తగిలితే ఉప్పు లేని లోటు సగం తెలియదని వరాలమ్మ అప్పుడే కనిపెట్టింది. ఆ తరవాత వెల్లుల్లి, నువ్వుల పొడి, నిమ్మచెక్క, కొత్తిమీర ఒక్కొక్కటీ చేరాయి. కూరలో ఉప్పు చిటికెడు మళ్ళీ వచ్చింది, కొలిచి. మాస్టారు వారం రోజులు పళ్ళెం ముందు కూర్చోగానే ఎడమచెయ్యి నేనుండే మూల వైపు చాచి, నేను ఖాళీ అని గుర్తొచ్చి వెనక్కి తీసుకునేవాడు. నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం దిగులేసింది. ఎన్నేళ్ళ అలవాటు!

నన్ను మంగాదేవి అడిగి తీసుకుంది. ఇప్పుడు నేను ఆరోగ్య కేంద్రంలో బల్ల మీద ఉన్నాను. నా పొట్టలో మూడోవంతు దాకా ఉత్త రాళ్ళుప్పు, ఆ రోజు మాస్టారు తెచ్చిందే. పక్కన అట్ట మీద రాసి పెట్టారు: ఇద్దరు మనుషులు, ఒక ఏడాది ఆవకాయ. వచ్చినవాళ్ళు లోపలికి తొంగి చూసి, "అమ్మో, ఇంతుంటుందా!" అని బుగ్గలు నొక్కుకుంటారు. ఇంటికెళ్ళి మొదటి ముద్ద దేంతో కలుపుతారో నాకు తెలుసు. నేనేమీ అనుకోను. పదిమందిలో ఒకరు గరిటె తగ్గించినా చాలని మంగాదేవి అంటుంది, ఆమెకి ఓపికెక్కువ.

నెలకోసారి వాళ్ళిద్దరూ గట్టు మీద నడుచుకుంటూ వస్తారు. ఆవిడ అడుగు చిన్నది కాబట్టి మాస్టారు తన నడక తగ్గించుకున్నాడు. వరాలమ్మ వస్తూనే, చెయ్యి తడిగా లేదని చూసుకుని, పమిట చెంగుతో నా మీద దుమ్ము తుడుస్తుంది. మొన్న వచ్చినప్పుడు కొత్త నర్సు పట్టీ పట్టుకుని, "ముందెవరికి చూడమంటారండీ?" అని అడిగింది.

మాస్టారు కుర్చీ ముందుకు లాగాడు.

"ముందు ఆవిడకి చూడండి" అన్నాడు.