గిన్నె అడుగున పేరు

కోడి పలావు అడుగంటిన బేసిన్‌ని చర్చి వంటింట్లో స్టీలు పీచుతో తోముతున్నాను. నెబ్రాస్కాలోని మా చిన్న ఊళ్ళో ఎవరు పోయినా, సమాధి చేసి వచ్చాక చర్చి కింది హాల్లో అందరికీ భోజనం పెట్టేది ఆడవాళ్ళే. ఆ రోజు వెర్నన్ అనే ముసలి రైతుని సాగనంపాం. బల్ల మీద ఖాళీ గిన్నెలు బోర్లించి ఉన్నాయి. ప్రతి గిన్నె అడుగునా తెల్ల టేపు ముక్క, దాని మీద ఆ గిన్నె తెచ్చిన మనిషి పేరు. లోయిస్, బెట్టీ, ఆర్లిస్. ఎవరి గిన్నె వాళ్ళింటికి చేరాలి కదా మరి.

ఆర్లిస్‌కి డెబ్భై దాటాయి. మా ఊరి కిరాణా షాపు కమిటీకి ఆవిడే పెద్ద. నా బేసిన్ అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన తెలుగు అక్షరాలని వేలితో తడిమింది.

"ఎంత ముద్దుగా ఉన్నాయో! నీ పేరా?"

"కాదు, మా మామగారిది. జి. రాజారావు."

"ఓహో, ఆయన బాగా వండుతారా?"

నాకు నవ్వాగలేదు. మా మామగారు మంచినీళ్ళు కూడా తన చేత్తో ముంచుకుని తాగి ఎరగరు. గుంటూరులో స్టీలు సామాను కొన్నప్పుడల్లా కొట్టువాడు ఎవరి పేరు వెయ్యమంటారని అడిగేవాడు, మా అత్తగారు ఆయన పేరే చెప్పేవారు. తోమింది మాత్రం అత్తగారు, ఆవిడ తర్వాత నేను. ఇదంతా చెబితే ఆర్లిస్ కూడా పగలబడి నవ్వింది. నవ్వాక చేతులు తుడుచుకుని అసలు సంగతికొచ్చింది.

"నీకు వర్క్ పర్మిట్ వచ్చిందటగా, నయోమీ. షాపుకి మేనేజర్ కావాలి. జీతం గొప్పగా ఏమీ ఉండదు. కానీ మేమందరం నిన్నే అనుకున్నాం. ఆదివారంలోపు చెప్పు."

బేసిన్‌ని కారులో పక్క సీట్లో పెట్టుకుని ఇంటికి బయల్దేరాను.

"మనిషన్నాక కృతజ్ఞత ఉండాలి నవోమీ" అంటూ ఉంటారు మా ఆయన శ్యామ్‌సుందర్. ఇక్కడివాళ్ళ నోట్లో నవోమీ కాస్తా నయోమీ అయింది గానీ, ఆయనకి నేనింకా నవోమీనే. ఈ ఊరి ఆసుపత్రిలో డాక్టరు. డాక్టర్లు దొరకని ఊళ్ళో కొన్నేళ్ళు పనిచెయ్యాలని వీసా షరతు ఉండబట్టి 2008లో ఇక్కడికి వచ్చాం. ఈ జూన్‌తో ఆ గడువు తీరిపోతుంది. వేరే రాష్ట్రంలో ఉన్న ట్రాయ్‌లో ఉద్యోగం, అక్కడే తమ్ముడి పక్క వీధిలో ఇల్లు, అన్నీ అన్నదమ్ములిద్దరూ ఫోన్లోనే తేల్చేసుకున్నారు. నాకు చెప్పిందల్లా అక్కడ కిచెన్ పెద్దదని. గుంటూరు జూనియర్ కాలేజీలో కామర్స్ పాఠాలు చెప్పినదాన్ని, ఉద్యోగం చెయ్యనివ్వని డిపెండెంట్ వీసా మీద ఇక్కడికొచ్చి పప్పులో ఉప్పెక్కువైందా తక్కువైందా అన్న చర్చలో పడ్డాను. మేమొచ్చిన చలికాలమే ఊళ్ళో ఉన్న ఒక్క కిరాణా షాపూ మూతపడింది. పాలప్యాకెట్ కోసం నలభై మైళ్ళు డ్రైవ్ చేసినవాళ్ళు మందులూ బట్టలూ కూడా అక్కడే కొనుక్కొచ్చేవాళ్ళు, దాంతో ఇక్కడి మిగతా కొట్లూ వెలవెలబోయాయి. చివరికి ఆడవాళ్ళు పూనుకుని, ఇంటింటికీ తిరిగి వాటాలు పోగుచేసి, షాపుని మళ్ళీ తెరిచారు. "మా మిసెస్ ఇంట్లో ఖాళీగానే ఉంటుంది, వాడుకోండి" అని వాళ్ళతో నవ్వుతూ అన్నారు మా ఆయన. వెళ్ళాను. ఎవరికీ జీతం లేదు, నాకూ లేదు. మొదటిరోజు డబ్బాలు సర్దుతుంటే లోయిస్ "థాంక్యూ" అంది. ఎవరిని అంటోందా అని వెనక్కి తిరిగి చూశాను. నన్నే. మంచులో కారు నడపడం నేర్పింది కూడా ఆ లోయిసే. ఏ ఇంట్లో షుగరు పేషెంటు ఉన్నారో, కోతలప్పుడు ఎన్ని బ్రెడ్లు ఎక్కువ తెప్పించాలో ఇప్పుడు నాకు కంఠతా వచ్చు. పాడైపోయే సరుకు తగ్గించి షాపుని నష్టాల్లోంచి లాగింది కూడా నేనే, చెప్పుకోవడానికి మొహమాటమెందుకు?

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ ఉద్యోగం సంగతి చెప్పాను.

"కిరాణా కొట్లోనా? డాక్టర్ భార్యవి కౌంటర్ దగ్గర నిలబడితే జనం ఏమనుకుంటారు?"

"బ్యాంకు మేనేజర్ గారి భార్య స్కూల్ బస్ నడుపుతుందండీ."

"వాళ్ళ సంగతి వేరు. నెక్స్ట్ వీక్ మూవర్స్ వస్తారు, కిచెన్ ప్యాక్ చేసెయ్. నీకేం తక్కువ చేశాను చెప్పు? కాస్త కృతజ్ఞత ఉండాలోయ్."

ఉందండీ, అనుకున్నాను గిన్నెలు తీస్తూ. నిజంగానే ఉంది. ఆదివారం ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే ముందు ఈ ఊరి ఆడవాళ్ళ ముఖాలే కనిపిస్తాయి. నా వర్క్ పర్మిట్ వచ్చిన రోజు కేక్ చేసుకొచ్చారు, నేను అది చూసి ఏడ్చేశాను. ట్రాయ్‌లో పెద్ద కిచెన్‌లో నిలబడి ఈ షాపు ఎలా నడుస్తోందో అని బెంగపడే మనిషిని ఊహించుకున్నాను. ఆవిడ మీద నాకు జాలేసింది.

శనివారం పొద్దున్న ఆర్లిస్‌కి ఫోన్ చేసి మాట్లాడాను. తర్వాత రోజంతా ప్యాకింగే. డబరాలు, బేసిన్లు, పళ్ళాలు ఒక్కొక్కటీ పేపర్లో చుట్టి పెట్టెలకెత్తాను. చివరికి లోయిస్ ఎప్పుడో నాకిచ్చేసిన గాజు గిన్నె ఒకటి మిగిలింది. టేపు ముక్క తుంచి, పేరు రాసి, దాని అడుగున అంటించాను.

ఆసుపత్రి నుంచి వచ్చిన మా ఆయన పెట్టెలు చూసి సంతోషపడ్డారు.

"గుడ్. మొత్తం అయిపోయిందా?"

"మామగారి పేరున్నవన్నీ మీతో పంపడానికి సర్దేశానండీ."

"మరి ఆ గాజుది బయట వదిలేశావేం?"

గిన్నె బోర్లించి ఆయనకి చూపించాను.

"నన్ను ఈ ఊరికి తీసుకొచ్చింది మీరే, ఆ కృతజ్ఞత ఎప్పటికీ ఉంటుంది. సోమవారం నుంచి షాపు తాళాలు నా దగ్గరుంటాయి. ఇది నా పేరున్న గిన్నె, ఇక్కడే ఉంటుంది."