ఏడువందల ఏళ్ళ అవతలి గట్టిమేళం

మంగళవారం పొద్దుటి నుంచీ పరదేశి డోలు ఎంత వాయించినా చప్పుడు ఇక్కడ రావడం లేదు. ఏడువందల ఏళ్ళ తరువాత వస్తోంది. కుడిచేతి వేళ్ళకి తొడుగులున్నాయి, ఎడమచేతిలో పుల్ల ఉంది, తోలు బిగువుగానే ఉంది. దెబ్బ పడుతోంది, తోలు అదురుతోంది. చప్పుడు మాత్రం లేదు.

నలభై ఏళ్ళుగా రేపల్లె చుట్టుపక్కల ఎవరింట్లో తాళి కట్టినా మోగింది ఈ డోలే. పరదేశికి ఒళ్ళు మండిపోతుంది. డోలు మెడకి తగిలించుకుని, సందు దాటి, ఎదురింటి మేడ మెట్లెక్కుతాడు. ఆ మేడ మీద ముకుందరావు మాస్టారు ఉంటాడు. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరై, ఇప్పుడు రాబోయే శతాబ్దాల మీద నవల రాస్తున్నాడు. ఈ సందులో ఏడువందల ఏళ్ళ తరువాతతో పనున్న మనిషి ఆయనొక్కడే.

"మాస్టారూ, నా డోలు చప్పుడు మీరు గానీ తీశారా?"

"తీశాను పరదేశీ, కూర్చో," అంటాడు మాస్టారు కాగితం మీంచి తల ఎత్తకుండా. "పదకొండో అధ్యాయంలో ఒక విందుంది. వెనకాల ఏదో ఒకటి మోగాలి కదా. కిటికీ తీసుంది, నీ చప్పుడు లోపలికొచ్చింది. వాడేసుకున్నాను."

"ఒక్క మాట అడగాలని తోచలేదా అండీ?"

"కిటికీలోంచి వచ్చిన గాలికి ఎవరినడుగుతాం?"

పరదేశి పళ్ళు కొరుక్కుంటాడు. సరే, ఏం రాశారో చదవమంటాడు. మాస్టారు గొంతు సవరించుకుని గర్వంగా చదువుతాడు. "ఎక్కడి నుంచో ఒక లోహపు గుసగుస మంద్రంగా వినిపిస్తోంది. వెండి దుస్తుల అతిథులు నీలిరంగు పానీయాలు పట్టుకుని మౌనంగా నిలబడి ఉన్నారు."

"గుసగుసా! నా డోలు గుసగుసా! దీన్ని మోగిస్తే మూడు వీధుల అవతల గేదెలు పలుపు తెంపుకుంటాయండీ!" అంటాడు పరదేశి. "మౌనంగా నిలబడ్డమేంది? అది విందా, సంతాప సభా? ఎన్ని వందల ఏళ్ళైనా మేళం దగ్గరికి ఒకడొచ్చి కాస్త మెల్లగా వాయించు అంటాడు. వాడటు పోగానే ఇంకొకడొచ్చి ఏంది ఊపు లేదు అంటాడు. వాళ్ళిద్దరూ లేనిచోట మనుషులున్నారంటే నేను నమ్మను. ఇంతకీ ఆ విందు దేనికి?"

"పెళ్ళి. లీరా-నైన్ అనే అమ్మాయిది. శని గ్రహం దగ్గర."

"పెళ్ళా? గట్టిమేళం ఏది మరి?"

మాస్టారు జాలిగా నవ్వుతాడు. "ఏడువందల ఏళ్ళ తరువాత గట్టిమేళాలేమిటి పరదేశీ? అప్పుడంతా సైన్స్."

"తుమ్ములుంటాయా, ఉండవా?"

మాస్టారు ఆలోచిస్తాడు. శాస్త్రం చదువుకున్న మనిషి, అబద్ధం చెప్పలేడు. "తుమ్ములుంటాయి," అంటాడు.

"తుమ్ములున్నన్నాళ్ళూ గట్టిమేళం ఉంటుంది. తాళి కట్టే వేళకి ఎవడైనా తుమ్మితే అపశకునం కాదూ? అది చెవిన పడకూడదనే పంతులుగారు వేలెత్తగానే మేం విరగబాదేది. ఆ పిల్లకి తాళి ఎట్టా కట్టించారు మీరు?"

"కట్టించడం దాకా నేనింకా రాలేదు. కావాలంటే పోయి చూసుకో, హాల్లోంచి దారుంది," అని మాస్టారు మళ్ళీ కలం పట్టుకుంటాడు.

మాస్టారి హాల్లో నాపరాళ్ళు పరిచారు. ఒక్కో రాయి ఒక్కో ఏడాది. పరదేశి డోలుతో సహా నడుస్తాడు. మూడువందల రాళ్ళు దాటేసరికి ఫ్యానులు కనపడవు. నాలుగువందల పన్నెండో రాయి మీద చెప్పు తెగుతుంది, రెండోదీ అక్కడే వదిలేస్తాడు. ఏడువందలవ రాయి చల్లగా ఉంది. కిటికీలో శని గ్రహం ఉంది, దాని చుట్టూ ఉంగరం.

విందు మాస్టారు రాసినట్టే ఉంది. వెండి బట్టల జనం నీలం నీళ్ళు పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ తాగరు, ఎవరూ మాట్లాడరు. పైనుంచి గుసగుస వినిపిస్తోంది. అది తన డోలేనని పరదేశి గుర్తుపడతాడు. కన్నబిడ్డ చేత ఎవరింట్లోనో అంట్లు తోమిస్తుంటే చూసినట్టుంది అతనికి.

మధ్యలో పీటల మీద పెళ్ళికూతురు తల వంచుకుని కూర్చుంది. పెళ్ళికొడుకు రెండు చేతులా తాళి పట్టుకుని వంగి ఉన్నాడు. వాళ్ళ వెనక పెళ్ళికొడుకు మేనమామ ముక్కు గట్టిగా నొక్కుకుని నిలబడ్డాడు. ఆయనకి తుమ్మొస్తోంది. ఎన్నాళ్ళ నుంచో ఆపుకుంటున్నాడు.

"మేళం తాతవా?" అంటుంది పెళ్ళికూతురు తల ఎత్తకుండానే. "నాకా రాసేటాయన లీరా-నైన్ అని పెట్టాడు గానీ, మా ఇంట్లో బుజ్జమ్మ అంటారు. తల వంచుకోమన్నారు, వంచుకున్నాను. ఎత్తమనే దిక్కు లేదు. మెడ విరిగిపోతోంది తాతా."

"ఎంతసేపైందమ్మా?"

"ఆయన అధ్యాయం మొదలుపెట్టిన కాడ్నుంచీ."

పంతులుగారు కూడా వెండి చొక్కాలోనే ఉన్నారు, కిందనుంచి పంచె అంచు కనబడుతోంది. ఆయన చూపుడువేలు పైకెత్తే ఉంది. "వేలెత్తుతూనే ఉన్నానయ్యా. ఈ గుసగుస ఆగదు, పెరగదు. మేళం లేకుండా ముడెట్టా వేయించను? ఈలోగా ఆ మేనమామ తుమ్మితే?"

పరదేశి ఇంకేమీ వినడు. డోలు సర్దుకుని గట్టిమేళం అందుకుంటాడు. చప్పుడు రాదు. ఇక్కడ కొట్టింది ఇంకో ఏడువందల ఏళ్ళు ముందుకి పోతోంది, ఎవరి పెళ్ళికో ఏమో.

"ఈ పెళ్ళికి మోగాలంటే నేను మా సందులోనే వాయించాలి," అంటాడు పరదేశి. "కానీ మీ వేలు నాకెట్టా కనపడుద్ది పంతులుగారూ? మేళగాడు పెళ్ళికూతుర్ని చూడడు. వేలునే చూస్తాడు."

పంతులుగారికి అది సబబుగానే తోస్తుంది. కుడిచేతిని మణికట్టు దగ్గర గాజు తీసినంత తేలిగ్గా తీసి ఇస్తారు. "పట్టుకెళ్ళు. వేళకి అదే లేస్తుంది. ముహూర్తం దాటలేదు, దాటిందని ఆయన రాయలేదు కాబట్టి. కానీ ఆఖరి పేజీలో ఉన్నాడట. అధ్యాయం మూసేశాడా, ఈ పిల్ల మెడ ఇక ఇంతే."

పరదేశి చేతిని కండువాలో చుట్టుకుని ఉత్తకాళ్ళతో పరిగెడతాడు. చెయ్యి వెచ్చగా ఉంది, పసుపు వాసన వేస్తోంది. అరవై దాటిన మనిషి ఏడువందల రాళ్ళు పరిగెత్తడమంటే మాటలా! అయినా ఎక్కడా ఆగడు.

మాస్టారు ఆఖరి వాక్యం రాస్తున్నాడు. పరదేశి చేతిని తీసి ఆ కాగితం మీదే పెడతాడు.

"ఆ గుసగుస కొట్టెయ్యండి మాస్టారూ."

"పాఠకులు నమ్మరయ్యా."

"ఆ పిల్ల మెడ విరిగిపోతోందండీ!"

"మెడా? మెడ గురించి నేను రాయలేదే."

"రాయకపోతే నొప్పి పుట్టదా?" పరదేశి అరుస్తాడు. నలభై ఏళ్ళలో ఆయన మీద ఇదే మొదటిసారి గొంతెత్తడం. "పీటల మీద కూర్చోబెట్టి మీ మానాన మీరు కాఫీ తాగొచ్చారా? చప్పుడు నాది, నొప్పి దానిది. మీదేముంది ఇందులో?"

కాగితం మీద పంతులుగారి చెయ్యి మెల్లగా కదులుతోంది. చూపుడువేలు లేవబోతోంది. మాస్టారు తడబడుతూ గుసగుసని కొట్టేసి, దాని మీద ఒక్క మాట రాస్తాడు. గట్టిమేళం.

వేలు నిలువునా లేస్తుంది.

పరదేశి వాయిస్తాడు. పుల్ల కనపడదు, వేళ్ళు కనపడవు, తోలు పొగలా కదులుతోంది. బల్ల మీద గ్లాసు పక్కకి జరుగుతోంది. జీవితంలో ఇంత బాగా ఎన్నడూ వాయించలేదని చేతులకి తెలుస్తోంది, చెవులకి మాత్రం తెలియదు. అతని చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. కోపం అలాగే ఉంది. వేలు దిగేదాకా ఆపడు.

వేలు దిగుతుంది. ఏమీ వినపడదు. కింద ఎవరో సైకిల్ బెల్లు కొడతారు.

"కట్టారంటావా?" అంటాడు మాస్టారు, చిన్నగా.

మేడ కప్పు నుంచి పసుపు అక్షింత ఒకటి రాలుతుంది. నాపరాయికి తగిలి, డోలు దెబ్బై మోగుతుంది. ఇంకోటి రాలుతుంది. పది, వంద. హాలంతా పచ్చగా రాలుతోంది, పరదేశి కొట్టిన ప్రతి దెబ్బా వరుస తప్పకుండా నేలమీద పడుతోంది. మూడు వీధుల అవతల గేదెలు పలుపు తెంపుకుంటున్నాయి. కింద నుంచి ఎవరో కాస్త మెల్లగా అని అరుస్తారు, ఇంకెవరో ఇంకా ఊపుగా అని అరుస్తారు. పరదేశి కళ్ళు మూసుకుని, కండువా పరిచి పట్టుకుంటాడు.

నడిమధ్యన ఒక గింజ నేలకి తగిలి, తుమ్ముతుంది. వెంటనే దాని మీద వెయ్యి గింజలు పడతాయి.