అరువు గొంతు, ఖాళీ సీటు

నందివర్ధన్ బాబు వంశంలో గొంతు తాతగారితోనే పోయింది. తాతగారు నాటకాల నుంచి వచ్చిన మనిషి. మైకు లేకుండా పద్యం ఎత్తుకుంటే మూడు ఊళ్ళ కుక్కలు లేచి కూర్చునేవి. తండ్రిగారు ఆ గొంతు సవరించుకోవడంతోనే పాతిక సినిమాలు లాగించారు. మనవడి దగ్గరికొచ్చేసరికి వారసత్వం పేరుకే మిగిలింది. సినిమాలు వారమూ ఆడలేదు, వాటిలో సత్వమూ లేదు. అయితేనేం, సినిమా టికెట్టు తెగనివాడికి పార్టీ టికెట్టు తెగింది. తెర మీద తేలిపోయినవాడు అసెంబ్లీలో తేలాడు. మూడేళ్ళు తిరిగేసరికి మంత్రి కూడా అయ్యాడు.

ఆయనకు ఆరడుగుల ఒడ్డూ పొడుగూ ఉన్నాయి గానీ గొంతు మాత్రం సన్నం. పెళ్ళికూతురు తోడిపెళ్ళికూతురి చెవిలో చెప్పినట్టు ఉంటుంది. తొమ్మిది సినిమాల్లో జనం విన్న సింహగర్జన తణుకు రత్నకుమార్‌ది. సింహం ఒకరు, గర్జన ఒకరిది. డబ్బింగు పని సన్నగిల్లాక రత్నకుమార్ దోహా వచ్చి, ముషైరిబ్‌లో ఒక ఆఫీసులో కాగితాలు చూసుకుంటున్నాడు. ఆ గర్జన ఇప్పుడు అక్కడ వారపు సెలవైన శుక్రవారం చర్చిలో వాక్యం చదవడానికే. ఇంట్లో దానికి సందు లేదు. అక్కడ వాక్యమంతా భార్య పెర్సిస్‌ది.

ఆ శుక్రవారం చర్చి అయ్యాక రత్నకుమార్ బిర్కత్ అల్ అవామిర్ లేబర్ క్యాంపులో గజేందర్ మంచం మీద కూర్చున్నాడు. గజేందర్ జగిత్యాల వైపు మనిషి, టైల్స్ పనివాడు. అతనికి దరఖాస్తులన్నీ రాసిపెట్టింది రత్నకుమారే. పని అయిపోయి రెండు నెలలైంది. ఎప్పుడు పంపుతారని అడిగితే కంపెనీవాళ్ళు "బుక్రా" అనేవారు. బుక్రా అంటే రేపు. వాళ్ళ క్యాలెండర్‌లో ఇంకో రోజు లేదు. తీరా గురువారం కాగితాల మీద ముద్ర పడేసరికి ఈద్ సెలవులు వచ్చిపడ్డాయి. హైదరాబాదు విమానాల్లో నాలుగు రోజుల దాకా సీటు లేదు. ఆదివారం గజేందర్ పెళ్ళి.

"రెండుసార్లు లగ్గం ఎనుకకు జరిపిన్రన్నా," అన్నాడు గజేందర్. "పొద్దున పెండ్లిపిల్లనే ఫోన్ జేసింది, మమత. మూడోసారి గూడ రాకపోతే పందిరి పీకుతరట గని పిల్లను మాత్రం నా కోసం ఆపరట."

"అంటే?"

"అంటే మా మేనమామ కొడుకు తయారుగున్నడు. వాడు దుబాయ్ పోలే, ఏడికీ పోలే. అదే వానికున్న క్వాలిఫికేషను."

రత్నకుమార్ ఏదో చెప్పబోతుండగా ఫోను మోగింది. లలితకుమారి. పాత డబ్బింగు రోజుల్లో నందివర్ధన్ బాబు డేట్లు చూసేది; ఇప్పుడు ఆయన పేషీ చూస్తోంది.

"రత్నకుమార్ గారూ, మేం దోహాలోనే ఉన్నాం. సాయంత్రం మనవాళ్ళ సభ. సభల్లో సార్‌కి మీ గొంతు పెట్టి మాట్లాడే కుర్రాడి గొంతు ఎండకీ ఏసీకీ మధ్య నలిగి కూర్చుంది. మీరే దిక్కు."

రత్నకుమార్ గజేందర్ వంక చూశాడు. "వస్తానమ్మా. నాతో ఇంకొకరిని తీసుకొస్తాను."

సభ ఒక స్కూలు ఆడిటోరియంలో. తెర వెనక మంత్రిగారు మేకప్ వేయించుకుంటున్నారు. రత్నకుమార్ గజేందర్ సంగతి చెప్పి, అతనికి ఒక సీటు అడిగాడు. రేపు పొద్దున మంత్రిగారి బృందం హైదరాబాదు వెళ్ళే విమానంలో ముప్ఫై సీట్లు వాళ్ళవే. అందులో రెండు, సార్‌కి అటొకటి ఇటొకటి, ఏకాంతం కోసం ఖాళీ. గ్రూపు బుకింగు కాబట్టి పేర్లు రాత్రి దాకా ఇవ్వొచ్చు.

నందివర్ధన్ బాబు అద్దంలోంచే సన్నగా అన్నారు: "చూద్దాం."

లలితకుమారి రత్నకుమార్‌ని పక్కకు తీసుకెళ్ళింది. "రాజకీయాల్లో ఉన్నాయన్ని సీటు అడుగుతారేంటండీ. ప్రాణం అడగండి, ఆలోచిస్తారు. ఒక పని చేద్దాం, మీ అబ్బాయిని స్టేజి మీదికి పంపండి. కార్మిక సోదరుడిగా సార్‌కి శాలువా కప్పుతాడు. చివర్లో సార్ ఇతని భుజం తడతారు. ఫొటో పెళ్ళిలో పెట్టుకుంటాడు."

"పెళ్ళికొడుకు లేకుండా ఫొటో ఎక్కడ పెడతారమ్మా?"

ఆమె స్పీచి కాగితాలు అతని చేతిలో పెట్టింది.

సభ మొదలైంది. మంత్రిగారి చేతిలో ఉన్నది ఉత్తుత్తి మైకు. అసలుది తెర చాటున రత్నకుమార్ దగ్గర. వెనకటికి ఆయన పెదవులు చూసి ఇతను మాట కలిపేవాడు. ఇవాళ ఇతని మాటకు ఆయన పెదవులు కదపాలి. దానికి నందివర్ధన్ బాబుకు షూటింగుల నాటి అలవాటు ఒకటుంది. డైలాగు గుర్తుండదు గనక కెమెరా ముందు అంకెలు లెక్కపెట్టేవారు. "ఒకటి, రెండు" అంటే ప్రేమ. "పదకొండు, పన్నెండు" అంటే పగ. తర్వాత మాట అతికించుకునేవారు. ఇప్పుడూ అంతే. ఏం మాట్లాడుతున్నదీ వినే శ్రమ పెట్టుకోలేదు.

ఇసుకలో చెమట, చెమటలో బంగారం, బంగారంలో మన పల్లెలు అంటూ కాగితం సాగింది. జనం చప్పట్లు కొట్టారు. లైవులో లైకులు కురిశాయి. గజేందర్ శాలువా కప్పి పక్కన నిలబడ్డాడు. చివరి పేరా వచ్చింది. ఆయన చెయ్యి అతని భుజం మీద పడింది.

రత్నకుమార్ చదవాల్సింది ఇంకా రెండు వాక్యాలు. ఆదివారం పెళ్ళికి మిగిలిన ఆఖరి అవకాశమూ అవే. అతను కాగితం దించేశాడు.

"ఈ తమ్ముడి పెళ్ళి ఎల్లుండి," అంది మంత్రిగారి గొంతు. "విమానంలో సీటు లేక ఆగిపోయాడు. సీటు లేనివాడి బాధ నాకు తెలుసు. రేపు పొద్దున నా పక్క సీటు గజేందర్‌ది. ఇది నా మాట."

హాలు లేచి నిలబడింది. నందివర్ధన్ బాబు దండం పెట్టి, రెండు చేతులూ ఊపి, చిరునవ్వుతో లోపలికొచ్చారు.

"ఎందుకంత గోల? నేనేమన్నాను?"

లలితకుమారి చెప్పింది. ఆయన మేకప్ కింద మొహం రంగు మారింది. "అనలేదని చెప్పండి."

"గొంతు తమరిది కాదని చెప్పమంటారా సార్?" అంది ఆమె.

ఆయన కూర్చున్నారు. నీళ్ళు తాగారు. తొమ్మిది సినిమాలూ, రెండు ఎలక్షన్లూ ఆ గొంతు మీద నడిచాయి.

లలితకుమారి రత్నకుమార్ దగ్గరికి వచ్చింది. "నన్ను నిలువునా ముంచారు."

"తెలుసమ్మా. ఇంకో దారి కనపడలేదు."

ఆమె పెన్ను తీసింది. "పాస్‌పోర్టులో పేరెలా ఉందో చెప్పండి."

మర్నాడు పొద్దున రత్నకుమార్ మెట్రో ఎక్కుతుండగా గజేందర్ ఫోను చేశాడు.

"అన్నా, ఎక్కి కూసున్న. నా పక్కనే ఉన్నడు. నిన్న స్టేజి మీద నా చెవుల ఎనభై ఏడు, ఎనభై ఎనిమిది అనుకుంట నిలవడ్డడు, నేను బాకీ లెక్కనేమో అనుకున్న."

"ఇప్పుడేం చేస్తున్నాడు?"

"ఇగో ఇప్పుడే అడిగిండు, పెండ్లి ఏ ఊర్లె అని. సన్నగున్నదన్నా గొంతు. నీది గాదు. వీలైతే వస్త అన్నడు."

"నువ్వేమన్నావు?"

"మీ ఇష్టం సార్ అన్న. ఆయన వస్తడో రాడో. నేనైతే పోతున్న. ఇగ ఫోన్ బంద్ చెయ్యుమంటున్రు, ఉంటనే."