మూడో రూటర్

"కూర్చునే కదా చేసేది, పాల మీద ఓ కన్నేసి ఉంచు," అని భర్త స్నానానికి వెళ్లాడు. ఆమె పాల మీద ఒక కన్ను, సర్వర్ మీద ఒక కన్ను వేసింది. సర్వర్ మీద ఇప్పటికే రెండు రూటర్లు నడుస్తున్నాయి, ఇవాళ మూడోది పెట్టాలి. రూటరంటే ఇక్కడ ఇంటర్నెట్ డబ్బా కాదు. ఆమె కంపెనీ నడిపే దుకాణం యాప్ అడిగే ప్రశ్నను ఏ డేటాబేస్‌కు పంపాలో చూసే చిన్న ప్రోగ్రాము. ఒక్క సర్వర్ మీద మూడూ హాయిగా ఉంటాయి, తలో ఫోల్డరు, వచ్చిపోయే దారిగా తలో పోర్టు, తలో పేరు ఇస్తే. ఇది గట్టెక్కిస్తే టీమ్ లీడ్ నువ్వేనని మేనేజరమ్మ మాటిచ్చింది. తొమ్మిదేళ్లుగా భోజనాల బల్ల మీద, కూరగాయల బుట్ట పక్కకు జరిపి చేస్తున్న ఉద్యోగంలో ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

సరిగ్గా అప్పుడే పాలు పొంగాయి, అత్తగారు మందుబిళ్ల అడిగారు, కూతురు జడ వేయమని వచ్చి వీపు తిప్పి నిలబడింది. ఆమె స్టవ్ కట్టేసింది, బిళ్ల ఇచ్చింది, ఎడంచేత్తో జడ పట్టుకుని కుడిచేత్తో ఫోల్డరు పేరు కొట్టింది. కొట్టింది రెండో రూటర్ ఫోల్డరు. దాని సెట్టింగులన్నీ చెరిగిపోయి, మూడోదానివి దర్జాగా వచ్చి కూర్చున్నాయి. యాప్ పన్నెండు నిమిషాలు మూగబోయింది.

ఆమె సరిచేసేసరికి భర్త స్నానం ముగించి వచ్చి సంగతి విన్నాడు. ఆ లీడ్ గొడవ మనకెందుకు, వద్దని చెప్పేయమని భర్త తల తుడుచుకుంటూ ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమకే ఆమెకు ఏడుపొచ్చింది. నిజంగానే తనకు చేతకాదు కాబోలు అనుకుంటూ, నా వల్ల కాదని మేనేజరుకు రాయడం మొదలుపెట్టింది.

అత్తగారు కుర్చీ దగ్గరకు లాక్కుని ఏమైందన్నారు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పి, తప్పు తనదేనంది. ఆవిడ అంతా అర్థమైనట్టే స్క్రీన్ వైపు చూశారు.

"ఆ మూడింటికీ తలో చోటు చూపించావు. నిన్ను మాత్రం ఈ బల్ల దగ్గరే ముగ్గురం పట్టుకుని లాగుతున్నాం కదే," అన్నారు. "బిళ్లలు ఎక్కడుంటాయో నాకు తెలీక కాదమ్మా. నువ్విస్తే బాగుంటుందని అడుగుతాను."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రాసింది చెరిపేసింది. జరిగిన పొరపాటు దాచకుండా చెప్పి, లీడ్ బాధ్యత తీసుకుంటానని మేనేజరుకు పంపింది. లాప్‌టాప్ తీసుకుని లోపలి గది గుమ్మం దాకా వెళ్లి, భర్త వైపు తిరిగింది.

"రేపటి నుంచి పదింటి మొదలు రెండింటి దాకా నేను ఇంట్లో ఉండను," అంది మెల్లగా. "ఈ గదిలో ఉంటాను."